సీల్డ్ ‘ఫ్రెంచ్ కనెక్షన్’ బ్లూరే అంటే పర్సు తీయకండి

అమీర్‌పేట మెట్రో కింద సినిమా డిస్కులు అమ్మే అన్న మీలో చాలామందికి తెలుసు. నిన్న నా వంతు వచ్చింది.

హెరాయిన్ ముఠా వెంటపడే న్యూయార్క్ డిటెక్టివ్ సినిమా, 1971. దాని గురించి ఇక్కడ కొత్తగా చెప్పేదేముంది. 2009 బ్లూరేలో దర్శకుడు ఫ్రీడ్‌కిన్ రంగులు వెలిసిపోయినట్టు చేశాడు, 2012 దాంట్లో సరిచేశారు. 2023లో ఆన్‌లైన్లో వచ్చిన కాపీలో పోలీస్ స్టేషన్ సీన్లో ఓ జాతితిట్టు ఉన్న ముక్క లేపేశారు. అందుకే నాకు 2012 డిస్కే కావాలి. ఉందన్నాడు. సీల్ కూడా తీయలేదన్నాడు. పద్దెనిమిది వందలు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి మరీ ఇచ్చాను, వాడికి తక్కువ రాకూడదని!

ఇంటికొచ్చి సీల్ చింపితే లోపల ఊదారంగు అడుగున్న రైటబుల్ డీవీడీ, ఇంట్లో కాపీ కొట్టుకునేది. పైన మార్కర్‌తో ‘ఫ్రెంచ్’ అని రాసి ఉంది. సరే, ఏడుస్తూనే పెట్టి చూశాను. స్టేషన్ సీన్ వచ్చింది. సరిగ్గా ఆ మాట దగ్గర టక్కున ఎగిరిపోయింది. ఏ ముక్క కోసం డబ్బు పోశానో అదొక్కటి తప్ప సినిమా అంతా ఉంది.

ఫోన్ చేశాను. “సీల్ చింపింది నువ్వే కదన్నా, లోపల ఏముందో నాకేం తెలుసు?” అన్నాడు. డబ్బులడిగితే నవ్వాడు. “సినిమాలో డిటెక్టివ్ ఉన్నాడుగా, ఆయనకి కంప్లయింట్ ఇచ్చుకో.” పక్కనెవరో కూడా నవ్వారు. తర్వాత బ్లాక్. పద్దెనిమిది వందలు పోతే పోయాయి, ఆ పక్కవాడి నవ్వు రాత్రంతా చెవిలోనే ఉంది.

ఈ సినిమాకి మూలమైన నిజం కేసులో పట్టుకున్న అసలు హెరాయిన్‌ని న్యూయార్క్ పోలీసుల గోదాములోంచే కొట్టేసి, సంచుల్లో పిండి నింపి పెట్టారు. 1972లో పురుగులు పట్టాకగానీ బయటపడలేదు. ఈ ముచ్చట చెప్పి ఎంతమందిని నవ్వించానో! ఇప్పుడు నా సంచిలోనూ పిండే. ఇరవై రూపాయల టమాటాలు ఒక్కోటీ నొక్కి చూసే మనిషిని, సీల్ పాడైపోతుందని డబ్బా తెరవలేదు. ఆ ప్లాస్టిక్ కవరు వేయడానికి హెయిర్ డ్రయర్ చాలని మా తమ్ముడు ఇవాళ చెబుతున్నాడు, తీరిగ్గా.

కొనక తప్పదనుకుంటే వాడి ముందే చింపి అడుగుభాగం చూడండి. నోట్లు ఇవ్వకండి, యూపీఐ చేస్తే పేరైనా దొరుకుతుంది. వచ్చే వారం బాక్స్ సెట్ తెస్తానంటే వాడికి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఉంటే, ఇవాళే అడగండి.