ఐదేళ్లు, ఒకే జర్మన్ ప్రీపెయిడ్ సిమ్, ఎన్నో దేశాలు

జర్మనీలోని ఫ్రైబుర్గ్‌కు వచ్చిన వారంలోనే సూపర్‌మార్కెట్‌లో కొన్న ప్రీపెయిడ్ సిమ్మే ఐదేళ్లుగా వాడుతున్నాను. మన దగ్గరలాగే ప్యాక్ 28 రోజులకే అయిపోతుంది. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, ప్రాగ్, రోమ్, ఎక్కడికి వెళ్లినా ఇదే సిమ్. సరిహద్దు దాటగానే ఒక మెసేజ్ వస్తుంది, అంతే. అదనంగా ఒక్క సెంటు కట్టలేదు.

2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో రోమింగ్ చార్జీలు తీసేశారు. ఆ నిబంధనను 2022లో మరో పదేళ్లు పొడిగించారు. 27 ఈయూ దేశాలతో పాటు నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్ కూడా ఇందులో ఉన్నాయి. స్విట్జర్లాండ్ లేదు. నాకు ఆ సంగతి తెలిసేసరికి బ్యాలెన్స్ పోయింది.

వైల్ ఆమ్ రైన్ అనే జర్మన్ ఊరి నుంచి 8వ నంబరు ట్రామ్ ఎక్కితే నేరుగా స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో దిగొచ్చు. ఆ రోజు ఎవరూ పాస్‌పోర్ట్ అడగలేదు, వేరే దేశంలోకి వచ్చానన్న స్పృహే లేదు. మ్యాప్ చూసుకుంటూ రైన్ నది వంతెన దాకా నడిచాను. అక్కడ మ్యాప్ కదలడం మానేసింది. మెసేజ్‌లు తెరిస్తే, ఖాతాలో ఉన్న 12 యూరోలూ స్విస్ నెట్‌వర్క్‌లో డేటాకు ఖర్చయిపోయాయని ఉంది. ప్రీపెయిడ్ కాబట్టి నష్టం అక్కడితో ఆగింది. ఇప్పుడు బాసెల్ వైపు వెళ్తే చివరి జర్మన్ స్టేషన్ రాకముందే డేటా రోమింగ్ ఆపేస్తాను. సరిహద్దుకు ఇవతల ఉన్నా ఫోన్ అవతలి టవర్ పట్టుకుంటుంది.

బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్‌కూ ఈ నిబంధన వర్తించదు. కొన్ని కంపెనీలు అక్కడ కూడా అదనపు చార్జీ లేకుండా రోమింగ్ ఇస్తున్నాయి, కొన్ని ఇవ్వట్లేదు. అందుకే సిమ్ కొనేటప్పుడు జీబీల కంటే ముందు దేశాల జాబితా చూడండి. జీబీల్లోనూ ఒక మెలిక ఉంది. పెద్ద ప్యాక్‌లలో జర్మనీకి ఇచ్చినంత డేటా మిగతా దేశాల్లో ఇవ్వకపోవచ్చు.

కాల్స్ సంగతి చాలామందికి తెలియదు. పారిస్‌లో ఉండి అక్కడి హోటల్‌కు ఫోన్ చేస్తే ఆ కాల్ నా ప్యాక్‌లో ఉన్న నిమిషాల లెక్కలోనే పోతుంది. అదే హోటల్‌కు ఫ్రైబుర్గ్ నుంచి చేస్తే అది రోమింగ్ కాదు, అంతర్జాతీయ కాల్. విడిగా చార్జీ పడుతుంది.

పోయినేడాది అమ్మానాన్న ఖమ్మం నుంచి వచ్చారు. వాళ్లకూ ఇలాంటి సిమ్మే కొన్నాను. ఇక్కడ 2017 నుంచి ప్రీపెయిడ్ సిమ్‌కు గుర్తింపు తనిఖీ తప్పనిసరి. వీడియో కాల్‌లో పాస్‌పోర్ట్ చూపించాలి. అమ్మ పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. రెండుసార్లు తిరస్కరించారు, చివరికి నాన్న పాస్‌పోర్ట్‌తో అయింది. ఒక సాయంత్రమంతా దానికే పోయింది. అప్పటికే ప్రయాణ బడలికతో ఉన్న అమ్మ ఫోన్ ముందు అంతసేపు కూర్చోవడం చూసి బాధేసింది. రెండు మూడు వారాలకు వచ్చేవాళ్లయితే ఇండియాలోనే ట్రావెల్ ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్) తీసుకుని, ఇంటి వైఫైలో ఎక్కించుకుని రావడం సుఖం. ఫోన్‌లో ఈసిమ్ సౌకర్యం ఉందో లేదో ముందు చూసుకోవాలి. చాలా ట్రావెల్ ఈసిమ్‌లలో డేటా మాత్రమే ఉంటుంది, నంబరు రాదు. వాట్సాప్ కాల్స్‌కు అది చాలు.

ఇండియా సిమ్ మాత్రం తీసేయకండి. నాన్న తీసి పర్సులో పెట్టుకున్నారు. రోమ్‌లో ఆయన కార్డుతో టికెట్లు కొనబోతే బ్యాంకు ఓటీపీ రాలేదు. సిమ్ ట్రే తెరిచే పిన్ను ఫ్రైబుర్గ్‌లోనే ఉండిపోయింది. చివరికి అమ్మ చెవిదిద్దు కాడతో ట్రే తెరిచాం. బయల్దేరే ముందే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించుకుని, ఇక్కడ ఆ సిమ్‌లో డేటా ఆపేస్తే మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. దానికి వచ్చే కాల్స్ మాత్రం ఎత్తకండి, చార్జీ పడుతుంది.

ఈ వేసవిలో అత్తయ్య వాళ్లు వస్తున్నారు. వాళ్ల ప్రయాణంలో లూసెర్న్ కూడా ఉంది కాబట్టి, జాబితాలో స్విట్జర్లాండ్ పేరు ఉన్న ఈసిమ్ వెతికి పెట్టాను.