సెల్లార్‌లో కారు, అందులో కౌన్సెలింగ్: ఇరవై రెండు నెలల తర్వాత

2022 ఆగస్టు నుంచి 2024 జూన్ వరకు, మొదట వారానికొకసారి, తర్వాత పదిహేను రోజులకొకసారి, ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ తీసుకున్నాను. నాకు పెద్ద జబ్బేమీ లేదు. పెళ్లైన పదకొండేళ్లకు భార్యాభర్తల మధ్య మాటలు తగ్గిపోవడం, ఆడపడుచు ఇంటి కోసం మేము చేసిన అప్పు ప్రస్తావన వచ్చినప్పుడల్లా నేను గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవడం, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి అవే మాటలను తెల్లవారే దాకా తిరగేసుకోవడం, ఇవే నా కష్టాలు.

మొదట ఒక యాప్‌లో ఎనిమిది సెషన్ల ప్యాకేజీ కొన్నాను. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే కదా అని ఇంగ్లీషులో మాట్లాడే థెరపిస్టునే ఎంచుకున్నాను. మూడు సెషన్లయ్యాక ఆమె మానేశారని ఒక మెసేజ్ వచ్చింది, మిగిలిన ఐదు సెషన్లు గడువు దాటి పోయాయి, డబ్బు గురించి రాసిన ప్రతిసారీ ఒకే జవాబు వచ్చింది. అయినా ఆ మూడు సెషన్లలో నన్ను ఎక్కువగా నిరాశపరిచింది డబ్బు కాదు. నా సంసారం ఇంగ్లీషులో చెబుతుంటే అది ఎవరో బాగా చదువుకున్నవారి సంసారంలా, ఏ గొడవా లేనట్టు వినిపించింది.

రెండోసారి తెలుగు మాట్లాడే క్లినికల్ సైకాలజిస్టు కోసం వెతికాను. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేసేవారు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి, ఆ పేర్లను కౌన్సిల్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. డబ్బు కట్టే ముందు ఈ ఒక్క పని చేయడం మేలు, ఎందుకంటే కౌన్సెలర్ అని చెప్పుకునే వారందరి చదువూ ఒకటి కాదు. యాభై నిమిషాలకు మొదట 1,200, తర్వాత 1,500 రూపాయలు తీసుకున్నారు. మాలాంటి ఇంటికి అది తక్కువ ఖర్చు కాదు.

నాలుగో సెషన్‌లో ఒక మాట దగ్గర ఆగాం. నేనేది అడిగినా మావారు "నీ ఇష్టం" అంటారు. దాన్ని ఇంగ్లీషులో చెప్పినప్పుడు మొదటి థెరపిస్టుకు అది భార్యకు స్వేచ్ఛనిచ్చే భర్త మాటగానే తోచింది. ఈమె మాత్రం, "ఏ గొంతుతో అన్నారు? ఒకసారి అని చూపించండి" అన్నారు. అన్నాను. "ఇందులో విసుగుంది, అలసట కూడా ఉంది, మీకు ఏది వినిపించింది?" అని అడిగారు. నాకెప్పుడూ "నీ చావు నువ్వు చావు" అనే వినిపించేది. ఆ వారం నుంచి ఒక నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీయించారు: ఏం జరిగింది, నేనేమనుకున్నాను, ఎంత బాధ కలిగింది (నూటికి ఎన్ని పాళ్లు), అదే మాటకు ఇంకో అర్థం ఉండవచ్చా. మన ఆలోచనల తీరును గమనించి మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో ఇది మామూలు పద్ధతేనట. మొదటి నెల నాలుగో గడి ఖాళీగానే ఉండేది. బలవంతంగా నింపితే అబద్ధం రాసినట్టుండేది, అదే ఆమెతో చెబితే, ఖాళీగా ఉంచినా తప్పులేదన్నారు.

అసలు కష్టం చోటు గురించి. మా రెండు గదుల ఫ్లాట్‌లో అత్తగారు, పిల్లలు, టీవీ ఉండగా అత్తగారి గురించి మాట్లాడటం ఎలా? సెల్లార్‌లో కారులో కూర్చుని, అద్దాలెక్కించుకుని మాట్లాడేదాన్ని. అక్కడ సిగ్నల్ అంతంతమాత్రం. ఒకరోజు నేను ఏడుస్తుండగా స్క్రీన్ మీద ఆమె ముఖం సగం నవ్వుతో ఆగిపోయింది. అదే సమయానికి వాచ్‌మన్ అద్దం తట్టి, "బండి కొంచెం తీస్తారా మేడమ్" అన్నాడు. తర్వాత వీడియో మానేసి ఫోన్‌లోనే మాట్లాడాం. నాకైతే అదే నయమనిపించింది, ఎదుటి ముఖం కనబడకపోతే సిగ్గు తగ్గుతుంది.

నిద్ర మరీ చెడిన రెండు నెలల్లో ఆమె తన హద్దు తానే చెప్పారు: మందులు రాసే అధికారం తనకు లేదు, సైకియాట్రిస్టును కలవాలి. కలిశాను, కొద్ది వారాలు వాడి, ఆ డాక్టరు చెప్పాకే ఆపాను. సెషన్ల మధ్య అర్ధరాత్రి అవసరమైతే 14416 కు చేయమని కూడా ఆమే చెప్పారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఒక్కసారి చేశాను, ఓపిగ్గా విన్నారు.

అప్పు ఇంకా తీరలేదు. మావారు ఒక్క సెషన్‌కైనా రాలేదు, నేను అడిగినప్పుడు "నీ ఇష్టం" అనే అన్నారు. "ఏ ఇష్టం?" అని తిరిగి అడిగితే, కాసేపాగి, "నాకు భయంగా ఉంది" అన్నారు.