ఇంటర్న్‌షిప్ ఎక్కడ మేలు: బొటానికల్ గార్డెన్‌లోనా, ల్యాండ్‌స్కేప్ మేనేజ్‌మెంట్‌లోనా?

హార్టికల్చర్ చదివేవాళ్లలో చాలామంది ఇంటర్న్‌షిప్ దగ్గరికి వచ్చేసరికి రెండు దారుల మధ్య ఆగిపోతారు. ఒకటి, జనం వచ్చి చూసిపోయే బొటానికల్ గార్డెన్, అర్బొరేటం (రకరకాల చెట్లు పెంచే తోట) లాంటి చోటు. రెండోది ల్యాండ్‌స్కేప్ మేనేజ్‌మెంట్, అంటే పార్కులు, క్యాంపస్‌లు, ఆసుపత్రుల ఆవరణల్లో పచ్చదనాన్ని ఏడాది పొడవునా చూసుకునే పని. బయటి నుంచి చూస్తే రెండిటికీ పెద్ద తేడా కనిపించదు. రెండు చోట్లా మట్టి, కత్తెర, నీళ్ల పైపు, నెత్తిన ఎండ. లోపలికి వెళ్లాకే తెలుస్తుంది, ఒకచోట అందరూ మొక్క గురించి ఆలోచిస్తారని, ఇంకోచోట స్థలం గురించి, దాన్ని వాడుకునే మనుషుల గురించి ఆలోచిస్తారని.

నా మాట ముందే చెప్పేస్తాను. మొదటి ఇంటర్న్‌షిప్ గార్డెన్‌లో చేయండి, రెండోది ల్యాండ్‌స్కేప్‌లో. ముందు కన్ను తయారవ్వాలి, చేతికి వేగం తర్వాత వస్తుంది.

గార్డెన్‌లో కన్ను ఎలా తయారవుతుందో చెప్తాను. మంచి బొటానికల్ గార్డెన్‌లో ప్రతి మొక్కకూ ఒక చిన్న లోహపు రేకు వేలాడుతుంటుంది. దాని మీద శాస్త్రీయ నామంతో పాటు ఒక నంబరు ఉంటుంది. సాధారణంగా ఆ నంబరులోనే మొక్క తోటకు వచ్చిన సంవత్సరం, ఆ ఏడాది వచ్చినవాటిలో దాని వరుస సంఖ్య ఉంటాయి. ఆ నంబరుతో రికార్డు తెరిస్తే విత్తనం ఎక్కడి అడవిలో సేకరించారో, ఎవరు పంపారో, తోటలో ఎప్పుడు ఎక్కడ నాటారో తెలుస్తుంది. ఇంటర్న్‌లకు తరచుగా అప్పజెప్పే పని ఈ లెక్క సరిచూడటం. మ్యాపు పట్టుకుని ఒక్కో మొక్క దగ్గర నిలబడి, ఉందా పోయిందా, రేకు సరైనదేనా, ఆకు చూస్తే పేరు సరిపోతోందా అని రాసుకోవాలి. మొదటి వారం విసుగనిపిస్తుంది. నెల తిరిగేసరికి దూరం నుంచి బెరడు చూసి జాతి చెప్పగలుగుతారు. ఇది క్లాసులో రాదు.

పైగా అక్కడ కాలాన్ని చూసే తీరే వేరు. ఇటలీలో పాదువా బొటానికల్ గార్డెన్ 1545లో మొదలైంది. 1585లో నాటిన ఒక తాటిజాతి మొక్క అక్కడ ఇప్పటికీ బతికే ఉంది. ఒక మొక్కను నాలుగు వందల ఏళ్లకు పైగా తరం తర్వాత తరం కాపాడుకుంటూ వచ్చిన తోటమాలుల వరుసలో మీరూ కొన్ని నెలలు నిలబడతారు. నాకైతే ఈ పనిలో అన్నిటికన్నా గొప్ప విషయం అదే.

ఇక ల్యాండ్‌స్కేప్ వైపు. ఇక్కడ నేర్చుకునేది లెక్క, క్రమం. ఎన్ని ఎకరాలు, ఎంతమంది, ఎన్ని గంటలు, ఏ యంత్రం? గడ్డి ఎత్తులో ఒక్కసారిగా మూడో వంతుకు మించి కోయకూడదన్న నియమం పుస్తకంలో ఒక్క వాక్యమే. వారం రోజులు వాన పడి లాన్ అంతా ఎత్తుగా పెరిగిపోయినప్పుడు ఆ నియమం పాటించాలంటే మొత్తం షెడ్యూల్ తిరగరాయాలి. ఆ టెన్షన్‌లో నిర్ణయం తీసుకోవడం గార్డెన్‌లో అంతగా అలవాటు కాదు.

నాకు బాగా నచ్చిన పని నీటి పరీక్ష. స్ప్రింక్లర్ తిప్పే ముందు లాన్ మీద ఒకే సైజు డబ్బాలు వరసగా పెడతారు. కాసేపు నీళ్లు వదిలి, ఆపి, ఒక్కో డబ్బాలో లోతు కొలుస్తారు. ఒకదాంట్లో రెండు వేళ్ల మందం, నాలుగడుగుల అవతలి డబ్బాలో అడుగుభాగం కూడా తడవదు. ఇన్నాళ్లూ గడ్డి ఎండిపోతోందని అంతటికీ నీళ్లు పెంచుకుంటూ పోయినవాళ్లకు అప్పుడు అర్థమవుతుంది, తప్పు నీళ్ల కొరతది కాదు, నీళ్లు చిమ్మే నాజిల్‌దని.

మరి ఇంత నేర్పే చోటును రెండోదిగా ఎందుకు పెట్టానంటే, అక్కడ తొందర ఎక్కువ. తొందరలో జరిగే తప్పును తప్పని గుర్తుపట్టాలంటే ముందే సరైన పని చూసి ఉండాలి. నేను మొదట చేరింది ఒక ల్యాండ్‌స్కేప్ సంస్థలోనే. మల్చ్‌ను, అంటే మట్టి మీద పరిచే చెక్కపొట్టు లాంటిదాన్ని, చెట్ల మొదళ్లకు ఆనించి గోపురంలా పోయమన్నారు, పోశాను. చూడటానికి అందంగానే ఉంది. తర్వాత ఒక గార్డెన్‌లో పనిచేస్తున్నప్పుడు అలా పోసిన చెట్టు మొదట్లో మల్చ్ తీసి చూపించారు. బెరడు మెత్తబడి గోరుకే ఊడొస్తోంది. మల్చ్ మందం రెండు నుంచి నాలుగు అంగుళాలు చాలు, కాండానికి తగలకూడదు. అంత చిన్న విషయం తెలియక ఎన్ని చెట్లకు హాని చేశానో అన్న బాధ ఇప్పటికీ ఉంది.

కొమ్మ కోత కూడా అంతే. కొమ్మ కాండంలో కలిసేచోట కాస్త ఉబ్బుగా, ముడతలు పడినట్టు ఒక పట్టీ ఉంటుంది. కోత దానికి సరిగ్గా బయట పడాలి. బరువైన కొమ్మయితే ముందు కింది నుంచి కొంత గాటు, ఆ తర్వాత కాస్త అవతల పై నుంచి కోత, చివరికి మిగిలిన మోడును పట్టీ దగ్గర తీసేయడం. మూడు కోతలు ఎందుకంటే, ఒకే కోతకు కొమ్మ విరిగిపడుతూ కాండం బెరడును చీల్చుకుపోతుంది. చెట్టుకు గాయం మానదని, చెడిన భాగం చుట్టూ అడ్డుగోడ కట్టుకుని లోపలే మూసేసుకుంటుందని అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను కోసి చూసి చెప్పారు. పక్కన నిలబడి ఇదంతా ఓపిగ్గా చూపించే మనిషి గార్డెన్‌లో దొరికే అవకాశం ఎక్కువ.

డబ్బు సంగతి దాచను. ఉద్యోగాలు ల్యాండ్‌స్కేప్‌లోనే ఎక్కువ. ఇంటర్న్‌గా బాగా పనిచేసినవాళ్లను అక్కడే తీసుకోవడం మామూలే. గార్డెన్లలో కొన్ని స్టైపెండ్, వసతి రెండూ ఇస్తాయి, కొన్ని ఏమీ ఇవ్వవు. ఇంటికి వెంటనే జీతం కావలసిన పరిస్థితి ఉంటే నా వరుసను పక్కన పెట్టి ల్యాండ్‌స్కేప్‌లో చేరండి, అందులో తక్కువేమీ లేదు. అక్కడైనా చెట్ల పని చూసే అర్బరిస్ట్ ఉన్న సంస్థను వెతకండి.

రెండూ కలిసిన చోట్లూ ఉన్నాయి. 843 ఎకరాల న్యూయార్క్ సెంట్రల్ పార్కును జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్ బాధ్యత ఒక్కో తోటమాలికి ఇస్తారు. అలాంటి పద్ధతి ఉన్న పెద్ద పార్కులో అవకాశం వస్తే వదులుకోవద్దు.

అమెరికాలోని లాంగ్‌వుడ్ గార్డెన్స్, ఆర్నాల్డ్ అర్బొరేటం, బ్రిటన్‌లోని క్యూ గార్డెన్స్ లాంటివి శిక్షణకు పేరున్న చోట్లు, పోటీ కూడా అలాగే ఉంటుంది. వేరే దేశం నుంచి అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. జె-1 వీసాలో (చదువు, శిక్షణ లాంటివాటికి వచ్చేవాళ్లకు అమెరికా ఇచ్చే వీసా) ఇంటర్న్ విభాగం ఇంకా చదువుతున్నవాళ్లకు, లేదా చదువు ముగిసి 12 నెలలు దాటనివాళ్లకే. వాయిదా వేస్తూ పోతే ఆ తలుపు మూసుకుపోతుంది. వేసవి ఇంటర్న్‌షిప్‌లకు చాలాచోట్ల దరఖాస్తు గడువు చలికాలంలోనే అయిపోతుంది.

గార్డెన్ అయినా, సంస్థ అయినా, ఒప్పుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "పోయినసారి వచ్చిన ఇంటర్న్ ఆఖరి నెలలో ఏం పని చేశారు?" మొదటి నెలలో కలుపు తీయడం అందరికీ తప్పదు. ఆఖరి నెలలోనూ కలుపే అన్నారంటే ఇంకో చోటు చూసుకోండి.