ఆనెల కాళ్ళకి పర్లాకిమిడిలో కుట్టించుకున్న చెప్పులు

పొద్దున్న ఐదింటికి టిఫిన్ బండి దగ్గర నిలబడితే పదకొండు దాకా కూర్చోడానికి లేదు నాకు. మా నాన్నకీ, నాకూ, మా చిన్నదానికీ నడక వచ్చినప్పటి నుంచీ అరికాళ్ళు దళసరి. మడమ కిందా, బొటనవేలి మొదట్లోనూ ఆనెలు కట్టేస్తాయి. ఎండాకాలం వాటి అడుగున నీటిబుగ్గలు లేస్తాయి, అడుగు వెయ్యాలంటే ప్రాణం పోతుంది. బరంపురంలో చర్మం డాక్టరుగారు చీటీ మీద కెరటోడెర్మా (చర్మం దళసరెక్కే జబ్బు) అని రాసి, ఇది అంటుకునేది కాదమ్మా, తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగం సగం అవకాశం అన్నారు. పూర్తిగా పోగొట్టే మందు లేదట. ఎం.సి.ఆర్. చెప్పులు, అంటే మైక్రో సెల్యులార్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు, వాడమన్నారు.

బజార్లో చెప్పులు కుట్టే ముసలాయన దగ్గరికి వెళ్ళాను. "తడి కాలుతో కాగితం మీద నిలబడు తల్లీ" అన్నారు. మరక ఎక్కడ చిక్కగా పడిందో అక్కడ పెన్సిల్‌తో చుట్టి, ఆ మేరకు రబ్బరు గుంట తీసి, లోపల ఇంకా మెత్తటి ముక్క అతికారు. బొటనవేలితో నొక్కితే దిగి, మళ్ళీ పైకి లేస్తుంది. జతకి 650 రూపాయలు తీసుకున్నారు. మొదటి వారంలోనే తేడా తెలిసింది: పదకొండింటికి నా కాళ్ళతో నేను ఇంటికి నడిచాను.

లోపం ఉంది. నాలుగో నెలకే వెనక పట్టీ కుట్టు ఊడింది. వానకి తడిస్తే ఆరడానికి రెండు రోజులు. పట్టీ మాత్రం ముసలాయన డబ్బు తీసుకోకుండా కుట్టిచ్చారు.

అవి కుష్ఠువాళ్ళ చెప్పులు కదా అని బండి దగ్గర ఒకావిడ అడిగింది. ఆ జబ్బువాళ్ళ పాదాల్ని కాపాడే రబ్బరే నన్నూ నిలబెడుతోంది, అందులో సిగ్గేముంది అన్నాను.

చెప్పులొక్కటే చాలవు. వారానికి రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నానబెట్టి, పాదాలు రుద్దే ఆకురాయితో పైపైన రాసి, చర్మాన్ని మెత్తబరిచే యూరియా క్రీము పట్టిస్తాను. మరీ పల్చన చేస్తే ఇంకా నొప్పి. దళసరి చర్మాన్ని కరిగించే సాలిసిలిక్ ఆయింట్‌మెంట్ పగుళ్ళ మీద మాత్రం వద్దు, భగ్గుమంటుంది. బ్లేడు అసలు వద్దు. ఒకసారి ఒకచోట కోయించుకుంటే చీము పట్టి పది రోజులు బండి పెట్టలేదు.

చిన్నదాని బడి బూటులోకి మెత్తటి అట్టకి మొన్న కొలతిచ్చాను. శనివారం రమ్మన్నారు.