చీతా కోసం వెళ్లి కృష్ణజింకను చూశాం

మా పాపకు తొమ్మిదేళ్లు. చీతా పేరెత్తితే అన్నం కూడా మర్చిపోతుంది. 2023 మే సెలవుల్లో హనుమకొండ నుంచి హైదరాబాద్ బయల్దేరింది దాన్ని చూపిద్దామనే.

నాంపల్లిలో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ పొద్దున ఏడింటికే నీళ్లు ఆగిపోయాయి, బకెట్‌తో కింద నుంచి మోసుకొచ్చుకున్నాం. మెట్రో దగ్గరని సర్దుకున్నాం.

నెహ్రూ జూ పార్కు దాదాపు 380 ఎకరాలు. ఎండల్లో పిల్లలతో అంతా నడవలేరు, బ్యాటరీ బండి ఎక్కడమే మేలు. చీతా ఎక్కడుంటుందని అడిగితే అక్కడ పనిచేసే పెద్దాయన పాప వైపు చూసి, "మార్చిల పోయింది బిడ్డా" అన్నాడు. సౌదీ యువరాజు కానుకగా ఇచ్చిన జంట అది. హిబా 2020లోనే పోయింది. మిగిలిన అబ్దుల్లా గుండెపోటుతో పోయి అప్పటికి రెండు నెలలే.

పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో ఎవరో తమ పిల్లలకు చిరుతను చూపిస్తూ "అదిగో చీతా" అంటుంటే ఉండబట్టలేక "అది చిరుత అంకుల్" అంది. చిరుత మచ్చలు విడిన పూరేకుల్లా గుత్తులుగా ఉంటాయి. చీతావి నిండు నల్ల చుక్కలు, పైగా కంటి మూల నుంచి నోటి దాకా నల్లటి చార. ఆ రాత్రి లాడ్జిలో నా కాటుక తీసుకుని రెండు బుగ్గల మీదా ఆ చారలు గీసుకుంది. ఏడ్చి కాటుక కారినట్టే ఉంది.

ఈ పేర్ల తికమక నాకు చిన్న విషయంగా అనిపించదు. చిరుత అప్పుడప్పుడు రాజేంద్రనగర్ దాకా వచ్చిపోతుంది. చీతా మన దేశంలో అంతరించిందని 1952లోనే ప్రకటించారు. రెండూ ఒకటే అనుకునేవాళ్లకు ఒకటి పోయిందన్న సంగతి ఎలా తెలుస్తుంది? 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 చీతాలను మధ్యప్రదేశ్‌లోని కునో జాతీయ పార్కుకు తెచ్చారు. ప్రపంచం మొత్తం మీద అడవుల్లో మిగిలినవి ఏడు వేలకు మించవంటారు.

మర్నాడు నాంపల్లిలో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగాం, బండి మారే పని లేదు. అక్కడి నుంచి వనస్థలిపురంలో హరిణ వనస్థలి అనే జింకల పార్కుకు ఆటో. ఆటోవాలా మామూలు కంటే ఎక్కువే తీసుకున్నాడు, ముందే బేరం ఆడుకోండి. ఒకప్పుడు నిజాం వేటాడిన నేల అది. ఎండిన గడ్డిలో ఒక మగ కృష్ణజింక తల పైకెత్తి నిలబడింది, మెలికలు తిరిగిన కొమ్ములు, కంటి చుట్టూ తెల్లటి వలయం. ఏం అలికిడైందో, నాలుగు కాళ్లూ ఒక్కసారే నేల విడిచి ఎగిరింది. వెనకాలే మంద మొత్తం. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అమ్మా, చీతా వీటినే కదా తరిమేది?" అంది.

అవును, వీటినే. పొదల్లో పొంచి దూకే చిరుతలా కాదు, చీతాకు పరిగెత్తడానికి బయలు కావాలి, ఆ బయల్లో జింకలుండాలి. గడ్డి నేలలను పనికిరాని బంజరని లెక్కగట్టి వదిలేసుకున్నాం, జింకలు తగ్గాయి. వేట ఒకవైపు, ఇది ఒకవైపు చీతాను తినేశాయి. ఈ మాట జూలో నాకు తట్టలేదు, ఆ గడ్డి ముందు నిలబడ్డాక తట్టింది.

మళ్లీ వెళ్తే ముందు వనస్థలికే, అదీ ఎండెక్కక ముందే. జూ రెండో రోజుకు పెట్టుకుంటాను. సోమవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు జూకు సెలవు.