ఇంటి వైఫైలో ఫైళ్ళు పంపడానికి ఏది మేలు: షేర్డ్ ఫోల్డరా, ఎఫ్‌టీపీనా, లోకల్‌సెండా?

ఎప్పుడో ఒకసారి ఫోన్‌లోంచి ల్యాప్‌టాప్‌కి ఫొటోలు, వీడియోలు పంపేవాళ్ళకు లోకల్‌సెండ్ అనే యాప్ చాలు. రోజూ ఫైళ్ళు అటూ ఇటూ తిప్పేవాళ్ళకు, ల్యాప్‌టాప్‌లో ఉన్న సినిమాను కాపీ చేయకుండా టీవీలో చూడాలనుకునేవాళ్ళకు విండోస్ షేర్డ్ ఫోల్డర్ మేలు. ఫైళ్ళు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీ మూడో స్థానంలోనే ఉంటుంది. వేగం చూసి వీటిలో ఒకటి ఎంచుకోవద్దు. మూడూ అదే వైఫై మీద నడిచేవే కాబట్టి పెద్ద తేడా రాదు. కనెక్షన్ కుదరనప్పుడు తప్పు ఎక్కడుందో ఎంత త్వరగా దొరుకుతుందన్నదే అసలు తేడా.

ఏది వాడినా ముందు రెండు పరికరాల ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే నంబర్లు) చూడండి. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టండి, ఫోన్‌లో వైఫై వివరాల్లో కనిపిస్తుంది. ఒకటి 192.168.1.7, ఇంకొకటి 192.168.0.12 అని ఉంటే జబ్బు అక్కడే ఉంది: మూడో అంకె వేరు కాబట్టి అవి వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నాయి. ఫైబర్ కంపెనీ ఇచ్చిన బాక్సుకు ఒక వైఫై, సిగ్నల్ చాలక మనం కొని తగిలించిన రౌటర్‌కి ఇంకో వైఫై ఉన్న ఇళ్ళలో ఇది మామూలే. ఇంటర్నెట్ రెండింట్లోనూ వస్తుంది కాబట్టి అనుమానం రాదు. ఇంకో తిరకాసు: మన రౌటర్ మీదున్న ల్యాప్‌టాప్ నుంచి ఫైబర్ బాక్సు మీదున్న ఫోన్ దొరుకుతుంది, ఫోన్ నుంచి మాత్రం ల్యాప్‌టాప్ దొరకదు. మన రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత నెట్‌వర్క్ పెట్టకుండా ఫైబర్ బాక్సు నెట్‌వర్క్‌నే వైఫైగా పంచే మోడ్) మార్చితే సరిపోతుంది. ఆ మోడ్ లేకపోతే దాని సొంత ఐపీని ఇంకెవరూ వాడని 192.168.1.2 లాంటిదానికి మార్చి, అందులో డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీలు పంచే పని) ఆపేసి, వ్యాన్ పోర్టులో (ఇంటర్నెట్ తీగ పెట్టే చోట) ఉన్న తీగను తీసి ల్యాన్ పోర్టులో పెట్టండి.

ఐపీలు ఒకే వరుసలో ఉన్నా కుదరకపోతే గెస్ట్ వైఫై, రౌటర్‌లో ఏపీ ఐసొలేషన్ (పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఆపే సెట్టింగ్), ఫోన్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. పింగ్‌కు (అవతలి పరికరం పలుకుతుందో లేదో చూసే కమాండ్) జవాబు రాలేదని మాత్రం నిరాశపడొద్దు. బయటి కనెక్షన్లను అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌ను ఆపేస్తూ ఉంటుంది.

షేర్డ్ ఫోల్డర్‌కు మొదట్లో కాస్త ఓపిక కావాలి. సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిచి నెట్‌వర్క్‌ను పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కు మార్చాలి. ఎక్కువమంది ఆగిపోయేది పాస్‌వర్డ్ దగ్గర. ల్యాప్‌టాప్ తెరవడానికి కొట్టే పిన్ ఇక్కడ చెల్లదు. మైక్రోసాఫ్ట్ ఖాతా అయితే పూర్తి ఈమెయిల్, ఆ ఖాతా అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. అది గుర్తు లేకపోతే తంటాలు పడేకంటే షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్‌ను, పాస్‌వర్డ్‌తో సహా, తయారు చేసుకోండి. తర్వాత ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌కి వెళ్ళి, షేర్ బటన్ నొక్కి, ఆ యూజర్‌కు రీడ్/రైట్ ఇవ్వండి. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో మాత్రమే అనుమతి ఇస్తే ఫోల్డర్ కనిపిస్తుంది కానీ తెరుచుకోకపోవచ్చు. అక్కడ మారేది షేర్ అనుమతి ఒక్కటే, డిస్క్ మీది సెక్యూరిటీ అనుమతి పాతదే ఉంటుంది, రెండింట్లో బిగువైనదే చెల్లుతుంది.

ఇంకో విండోస్ కంప్యూటర్ నుంచి పేరుతో కాకుండా \\192.168.1.5 అని (మీ ల్యాప్‌టాప్ ఐపీ ఏదైతే అది) ఐపీతోనే తెరవండి. తెరుచుకోకపోతే పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌తో (Test-NetConnection 192.168.1.5 -Port 445) ఆ ఐపీకి షేర్డ్ ఫోల్డర్ వాడే 445 పోర్టు, అంటే ఆ పని జరిగే ద్వారం నంబరు, పరీక్షించండి. ట్రూ వస్తే దారి బాగుంది, తప్పు పాస్‌వర్డ్‌లోనో అనుమతుల్లోనో ఉంది. ఫాల్స్ వస్తే ఫైర్‌వాల్ లేదా రౌటర్. ఇంత తేలిగ్గా తప్పును రెండుగా విడదీసే వీలు ఉండబట్టే దీన్ని మొదట పెడతాను. రౌటర్‌లో ల్యాప్‌టాప్‌కు ఐపీ రిజర్వ్ చేసి పెడితే రేపు అడ్రస్ మారదు. పాత టీవీ కోసం ఎస్ఎంబీ 1 (షేర్డ్ ఫోల్డర్ నడిచే పద్ధతిలో పాత రూపం) ఆన్ చేయమని ఎవరైనా చెబితే వినొద్దు. 2017లో వన్నాక్రై అనే వైరస్ పాకింది ఆ సందులోంచే.

లోకల్‌సెండ్‌లో ఖాతా, పాస్‌వర్డ్ గొడవ లేదు. రెండు పరికరాల్లోనూ యాప్ వేస్తే ఒకదానికొకటి కనిపిస్తాయి. కనిపించకపోతే సాధారణంగా కారణం ఒకటే: మొదటిసారి ఫైర్‌వాల్ అడిగినప్పుడు క్యాన్సిల్ నొక్కి ఉంటారు. అప్పుడు విండోస్ ఆ యాప్‌ను అడ్డుకునే రూల్ రాసుకుంటుంది, ఆ తర్వాత మళ్ళీ అడగదు. ఫైర్‌వాల్ అనుమతుల జాబితాలోకి వెళ్ళి ప్రైవేట్ గడిలో టిక్ పెట్టాలి. కొన్ని రౌటర్లు మల్టీకాస్ట్‌ను (పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే పిలుపు) సరిగా దాటనివ్వవు. అప్పుడు పంపే చోట అవతలి ఐపీని చేత్తో కొడితే పని జరుగుతుంది. ఇది వాడే పోర్టు 53317. పెద్ద వీడియో మధ్యలో తెగితే మాత్రం ఆ ఫైల్‌ను మళ్ళీ మొదటినుంచి పంపాలి.

ఆ ఒక్క విషయంలో ఎఫ్‌టీపీ నయం. ఫైల్‌జిల్లా లాంటి క్లయింట్‌తో (ఫైళ్ళు ఇచ్చే సర్వర్‌కు కలిసే ప్రోగ్రామ్) ఆగిన చోటునుంచే కొనసాగించవచ్చు. కానీ లాగిన్‌కు ఒక కనెక్షన్, ఫైళ్ళకు వేరే పోర్టులో ఇంకో కనెక్షన్ కావాలి. అందుకే లాగిన్ అవుతుంది, ఫోల్డర్ జాబితా మాత్రం రాక వేలాడుతుంది. క్లయింట్‌ను ప్యాసివ్ మోడ్‌లో (రెండో కనెక్షన్‌ను కూడా క్లయింటే మొదలుపెట్టే మోడ్) పెట్టి చూడండి. ఫోన్‌ను ఎఫ్‌టీపీ సర్వర్‌గా మార్చే యాప్‌లు సాధారణంగా మామూలు 21 పోర్టుకు బదులు 2121 లాంటిది వాడతాయి, దాన్ని అడ్రస్‌లో చేర్చాలి. స్క్రీన్ ఆరగానే తెగిపోతుంటే ఆ యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయండి. మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా వెళ్తుంది కాబట్టి పని కాగానే సర్వర్ ఆపేయండి.

కనెక్షన్ కుదిరి వేగం సెకనుకు 11 మెగాబైట్ల దగ్గర కదలకుండా నిలబడితే యాప్ మార్చి లాభం లేదు. దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ ల్యాన్ పోర్టు ఉందో, నాలుగు తీగలే పనిచేస్తున్న కేబుల్ ఉందో చూడండి.