లాయర్‌పేట సాయంత్రం క్లాసు: పాఠం దిట్టం, నోట్సు పాతవి

ఒంగోలు లాయర్‌పేటలో జడ్జి పరీక్షలకు శిక్షణ ఇచ్చే ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు వివిధ దేశాల నేర న్యాయవ్యవస్థల మీద సాయంత్రం క్లాసులు పెట్టారు. నేను దర్శి కోర్టులో జూనియర్ అడ్వకేటును. రోజూ బెయిలు పిటిషన్లతో పని కాబట్టి చేరాను.

మాస్టారు రిటైరైన ప్రాసిక్యూటరు. దేశానికో అధ్యాయం అప్పజెప్పరు. ఒకే దొంగతనం కేసు తీసుకుని, అరెస్టయిన మనిషి వెంట మనల్ని దేశదేశాలు తిప్పుతారు. ఇంగ్లండులో ఉగ్రవాద కేసులు మినహా, అభియోగం మోపకుండా పోలీసులు ఉంచుకోగలిగేది మామూలుగా 24 గంటలు, కోర్టు అనుమతితో గరిష్ఠంగా 96 గంటలు. జపాన్‌లో ఒక్కో అభియోగానికి 23 రోజుల వరకు ఉంచవచ్చు, ప్రశ్నించే గదిలో పక్కన లాయరు ఉండే హక్కు లేదు. అక్కడ కోర్టుకెక్కిన కేసుల్లో 99 శాతానికి పైగా శిక్షలు పడుతున్నాయంటే ఆ గదిలో రాబట్టిన ఒప్పుకోళ్లూ ఒక కారణమే.

తర్వాత మన దగ్గరికి వచ్చారు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. నేరాన్నిబట్టి 60 లేదా 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే బెయిలు హక్కు. చార్జిషీటు పడ్డాక విచారణ ఎప్పటికి ముగుస్తుందో ఎవరూ చెప్పలేరు. మన జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలనివాళ్లే. బెయిలు వచ్చినా జామీను ఉండేవాళ్లు దొరక్క లోపలే ఉండిపోయిన కూలీల తరఫున తిరిగినవాణ్ని, ఆ పాఠం గుండెకు తగిలింది. కట్టిన ఫీజుకు అదొక్కటే చాలు.

నార్వే జైళ్లకు ఒక సాయంత్రమంతా ఇచ్చి, అమెరికాలో శిక్షల్లో తొంభై శాతానికి పైగా ప్రాసిక్యూషన్‌తో బేరమాడుకుని నిందితుడు నేరం ఒప్పుకోవడంతోనే పడతాయన్న సంగతిని పది నిమిషాల్లో దాటేయడం నాకు నచ్చలేదు.

అసలు బాధ నోట్సుతో. అందులో ఇంకా సీఆర్‌పీసీ (పాత నేర విచారణ చట్టం) 436ఎ సెక్షనే ఉంది, విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపితే బెయిలుపై విడుదల అని. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరానికీ దోషిగా తేలనివారికి మూడోవంతు చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. నోట్సు నమ్మి పిటిషన్ ఆలస్యం చేస్తే ఒక మనిషి నెలల తరబడి అన్యాయంగా జైల్లో ఉంటాడు. ఆఫీసులో చెబితే వచ్చే బ్యాచికి మారుస్తామన్నారు.

మాస్టారి కోసం తప్పకుండా చేరండి. బేర్ యాక్టు (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకం) మాత్రం వెంట తీసుకెళ్లండి.